గ్లాసులో బోరు నీళ్ళు

పండు ఒక్కటే, పేర్లు మూడు, మూడూ పరాయి ఊళ్ళవే. కోస్తాలో, తెలంగాణలో దాన్ని బత్తాయి అంటారు. డచ్చివాళ్ళ బటావియా, అంటే ఇప్పటి జకార్తా, పేరు మీదుగా ఆ మాట వచ్చిందని చెబుతారు. ఉత్తరాదిలో మోసంబి. అందులో ఉన్నది మొజాంబిక్. కడప వైపు వెళ్ళి బత్తాయి అని అడిగితే అర్థం చేసుకుంటారు గానీ, వాళ్ళ నోట వచ్చే మాట మాత్రం చీనీకాయ. చైనా కాయ అన్నమాట. ఈ పండు పుట్టిల్లు దక్షిణ చైనా ప్రాంతమే కాబట్టి, మూడు పేర్లలో అసలు చిరునామాకు దగ్గరగా ఉన్నది సీమవాళ్ళ పేరే. మన తోటల్లో ఎక్కువగా కనిపించే రకం సాత్‌గుడి. అది కూడా వేలూరు వైపున్న ఒక ఊరి పేరు నుంచి వచ్చిందే అంటారు.

ఇన్ని ఊళ్ళు తిరిగొచ్చిన పండు మన దగ్గరికొచ్చేసరికి ఒకటే పనికి స్థిరపడింది, పిండించుకోవడానికి. చీనీకాయను ఒలుచుకుని తినేవాళ్ళు లేరని కాదు. కానీ ఎండాకాలం కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గరో, కడప ఏడురోడ్ల దగ్గరో బండి ముందు నిలబడ్డవాడికి అది పండు కాదు, జ్యూస్. ఆ బండి అలవాటు ఇంట్లోకి రాగానే వచ్చే ప్రశ్న, ఏ జూసర్ కొనాలి? ఫోన్ తెరిస్తే వాట్లు, ఆర్‌పీఎంలు, కోల్డ్ ప్రెస్, స్లో జూసర్ అంటూ లెక్కలు మీద పడతాయి. వాటి జోలికి పోయేముందు, పండ్లను తాగాలని మనకు ఎప్పుడు, ఎందుకు అనిపించిందో చూద్దాం. ఏ మిషను కావాలో ఆ కథలోనే కొంత తెలుస్తుంది.

సీమలో దాహానికి పాత మందులు వేరు. మజ్జిగ, అంబలి, పండగనాడు పానకం, నిమ్మకాయ నీళ్ళు. సుగంధిపాల వేరుతో కాచిన నన్నారి షర్బత్తు కర్నూలు, కడప వీధుల్లో ఇప్పటికీ సీసాల్లో మెరుస్తూ కనిపిస్తుంది. వీటన్నిటిలో ఉన్నది నీళ్ళే. వేరో, బెల్లమో, నిమ్మచుక్కో వాటికి రుచి ఇస్తుంది. కుండెడు నీళ్ళకు ఒక్క నిమ్మకాయ చాలు. పండు మొత్తాన్ని పిండి, నీళ్ళు కలపకుండా తాగడమన్నది ఈ లెక్కకు పూర్తిగా తలకిందులు.

మామిడి విషయంలో మాత్రం రసం మనకు కొత్త కాదు. కోస్తావాళ్ళు చిన్నరసం, పెద్దరసం చేత్తో నలిపి, ముచ్చిక తీసి పీల్చుకుంటారు. తెలుగువాళ్ళ మొదటి జూసర్ బొటనవేలే అనుకోవచ్చు. కానీ సీమ పేరు మోసిన బనగానపల్లె మామిడి పీచు లేని కోత పండు, దానికి కావాల్సింది కత్తి. 2017లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఆ పండు కూడా ముక్కలుగా తినేదే.

మరి నారింజ జాతి పండ్లను తాగడం ఎక్కడ మొదలైంది? ఇళ్ళలో అక్కడక్కడా ఎప్పుడూ ఉన్నదే. కానీ దాన్ని దేశమంతటి అలవాటుగా మార్చింది అమెరికాలో కాలిఫోర్నియా రైతుల సహకార సంఘం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వాళ్ళకు వచ్చిన కష్టం కరువు కాదు, అతివృష్టి లాంటి దిగుబడి. చెట్లు కాస్తున్నాయి, జనం తినలేకపోతున్నారు. సన్‌కిస్ట్ అన్న పేరుతో పండ్లు అమ్ముతున్న ఆ సంఘం 1916లో 'నారింజను తాగండి' అని ప్రకటనలు మొదలుపెట్టింది. ప్రకటనతో పాటు ఇంటింటికీ పండు పిండుకునే చిన్న పాత్రలు కూడా అమ్మింది. మధ్యలో గాళ్ళున్న గుబ్బ, చుట్టూ పళ్ళెం, అంతే. లెక్క తేలికే. తింటే మనిషికి ఒక పండు, తాగితే రెండో మూడో. అక్కడ జూసర్ మొదట వంటింటి అవసరం కాదు, అమ్ముడుపోని పంటకు దారి. 1940ల్లో ఫ్లోరిడాలో రసాన్ని చిక్కబరిచి గడ్డకట్టించి డబ్బాల్లో పెట్టడం వచ్చాక ఆ దారి రహదారి అయింది.

ఈ ముక్క సీమవాళ్ళకు బాగా అర్థమవుతుంది. కర్నూలు జిల్లా పత్తికొండలో టమోటా ధర పడిపోయిన ఏడు రైతులు పంటను రోడ్డు పక్కన పారబోసి వెళ్ళడం ఎన్నోసార్లు చూశాం. అందుకే అక్కడ 'జ్యూస్ ఫ్యాక్టరీ' అన్నది ఎన్నికల మాటగా ఎన్నేళ్ళుగానో వినిపిస్తూనే ఉంది. రైతు దృష్టిలో రసమంటే ఆరోగ్యం కాదు. అమ్ముడుపోని పంటకు చివరి బేరం.

అయితే చీనీకి ఆ బేరం కూడా తేలిగ్గా కుదరదు. కారణం రాజకీయం కాదు, రసాయనం. చీనీరసం పిండగానే తియ్యగా ఉంటుంది. కొన్ని గంటలు అలా వదిలేసి తాగితే నాలుక చివర చేదు తగులుతుంది. పండులో, ముఖ్యంగా గింజల్లో, తొనల చుట్టూ ఉండే తెల్లటి పొరల్లో చేదు లేని ఒక పదార్థం ఉంటుంది. పండు నలిగి రసంలోని పులుపుతో కలిశాక అది మెల్లగా లిమోనిన్ అనే చేదుగా మారుతుంది. వేడి చేస్తే ఆ మార్పు ఇంకా వేగం. నిల్వ ఉంచాలంటే వేడి చేయాలి, వేడి చేస్తే చేదు. చిత్తూరు తోతాపురి మామిడికి ఈ ఇబ్బంది లేదు. దాని గుజ్జును వేడిచేసి డబ్బాలకెక్కించి దేశాలు దాటిస్తున్నారు. చీనీ మాత్రం బండి మీద, మన కళ్ళ ముందు, అప్పటికప్పుడే. జ్యూస్ బండి బతికింది ఈ చేదు వల్లే అంటే తప్పేమీ లేదు.

ఆ బండి మీద మొదట ఉన్నది చేతి మిషను. పళ్ళచక్రాలు, పొడుగు పిడి, పైన తొనలు వేసే గరాటు. పక్కనే చెరుకు బండి ఉంటే దానికి ఇనుప రోలర్లు. 1870ల్లో బీహార్‌లో థామ్సన్, మిల్న్ అనే ఇద్దరు తెల్లవాళ్ళు తయారుచేసిన ఇనుప చెరుకు మిల్లు దేశంలో కట్టె గానుగలను, రాతి గానుగలను పక్కకు నెట్టింది. ఇప్పటి చెరుకు బండ్లది ఆ వంశమే. ఇళ్ళలోకి కరెంటు మిషను రావడానికి ఇంకో వందేళ్ళు పట్టింది. 1960ల్లో బొంబాయి ఇంజనీరు సత్యప్రకాశ్ మాథుర్, విదేశీ బ్లెండర్లు మన పచ్చళ్ళకూ పిండ్లకూ తట్టుకోలేక మోటార్లు కాలిపోతుంటే, గట్టి మోటారుతో సుమీత్ మిక్సీ తెచ్చాడు. ఆ తర్వాత మిక్సీకే జూసర్ జార్ ఒకటి తగిలించి జూసర్-మిక్సర్-గ్రైండర్ అన్నారు. పెళ్ళి సామాన్లలో వచ్చిన ఆ మూడో జార్ చాలా ఇళ్ళలో అటక మీదే ఉండిపోయింది. వాడాలంటే జల్లెడ, మూత, పిప్పి గిన్నె అన్నీ విడదీసి కడగాలి. జ్యూస్ షాపుల్లో మాత్రం ఢిల్లీ తయారీ సుజాత, 900 వాట్ల మోటారుతో, పొద్దుటి నుంచి రాత్రిదాకా తిరుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు నగరాల్లో కొత్త మోజు స్లో జూసర్. కొరియా నుంచి వచ్చిన ఈ మిషన్లలో మరచుట్టు లాంటి కడ్డీ ఒకటి నిమిషానికి ఓ యాభై చుట్లు తిరుగుతూ పండును నలిపి పిండుతుంది. పాత రకం నిమిషానికి వేల చుట్లు తిరిగే జల్లెడ. ఒకటి నెమ్మదిగా నొక్కుతుంది, ఇంకోటి తురిమి విసిరేస్తుంది. నిదానంగా నొక్కి రసం తీసే పద్ధతి మనకు గానుగ రూపంలో తరతరాలుగా తెలిసిందే. ఎద్దు తిరిగే వేగంతో వేరుశనగ నూనె తీసిన సీమకు 'కోల్డ్ ప్రెస్' అన్నది కొత్త పేరే గానీ కొత్త సంగతి కాదు.

ఇక అసలు సంగతి. గ్లాసులోకి దిగే రసంలో చాలావరకు నీళ్ళే. ఆ నీళ్ళు ఎక్కడివి?

1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కర్నూలు–కడప కాలువ తవ్వింది. కంపెనీకి లాభం రాలేదు, 1882లో ప్రభుత్వం కొనేసింది. ఆ కె.సి. కాలువ కింద వరి పండింది. కానీ చీనీ తోటలున్న పులివెందుల మెట్ట ఆ కాలువకు అందని నేల. ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన, అది కూడా రావాల్సినప్పుడు వస్తే. అక్కడ తోట అంటే బావి. ఎద్దులతో కపిల తోలిన కాలంలో నీళ్ళు ఎంత తోడగలరో తోట అంతే ఉండేది. ఆయిల్ ఇంజను వచ్చింది, కరెంటు మోటారు వచ్చింది, బావి అడుగున బోరు వచ్చింది, ఆ పైన బావే లేకుండా బోరొక్కటే మిగిలింది. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన పులివెందుల ఎమ్మెల్యే వై.ఎస్. రాజశేఖరరెడ్డి వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పెట్టాడు. నీళ్ళు తోడే ఖర్చు తగ్గింది, నీళ్ళు మాత్రం ఇంకా కిందికి పోయాయి. డ్రిప్పు పైపులు, చిత్రావతి నుంచి వచ్చే కాలువ నీళ్ళు కొంత ఊపిరి పోశాయి.

చీనీ చెట్టుతో చిక్కేమిటంటే అది వేరుశనగ కాదు, ఈ ఏడు వద్దనుకుని వదిలేయడానికి. కాపుకు రావడానికే నాలుగైదేళ్ళు. పూత కోసం రైతే కొన్నాళ్ళు నీళ్ళు ఆపి చెట్టును బెట్టకు వదులుతాడు. అది తెలిసి పెట్టిన బెట్ట. బోరు ఎండితే వచ్చేది తెలియని బెట్ట. అప్పుడు కాయను కాదు, చెట్టును బతికించుకోవడానికి ట్యాంకర్లతో నీళ్ళు తోలుతారు. ఒకటి, రెండు, మూడు బోర్లు వేసి అప్పుల పాలైన ఇళ్ళు సీమలో ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. ఇంతా చేసి కాయ మార్కెట్‌కు చేరితే, టన్ను మీద ఇంత అని 'సూట్' పేరుతో వ్యాపారి తీసేసే తరుగు ఒకటి.

నీళ్ళ లెక్క వేసేవాళ్ళ ప్రపంచ సగటు ప్రకారం కిలో నారింజ పండ్లకు దాదాపు 560 లీటర్ల నీళ్ళు పడతాయి. ఒక గ్లాసుకు మూడు చీనీకాయలు, అంటే అరకిలో వేసుకున్నా, ఆ గ్లాసు వెనక దగ్గరదగ్గర 280 లీటర్లు. వానలు దండిగా కురిసే చోట అందులో చాలా భాగం ఆకాశం ఇస్తుంది. పులివెందుల మెట్టలో బోరు ఇవ్వాలి. పిండడంలో సగం రసం పిప్పిలోనే వదిలేస్తే, వదిలేసింది ఆ బోరు నీళ్ళనే.

అందుకే జూసర్ ఎంపికలో నేను మొదట చూసేది వాట్లు కాదు, పిప్పి. పిండాక మిగిలిన పిప్పిని చేత్తో నొక్కండి, రసం కారితే ఆ మిషను ఆ పండుకు సరిపోదు. ఇంట్లో ఎక్కువగా వాడేది చీనీ, కమలా, నిమ్మ అయితే ఖరీదైన మిషను అక్కర్లేదు. అడ్డంగా కోసి గుబ్బ మీద తిప్పే చిన్న పిండుడు మిషను చాలు, చేతిదైనా, కరెంటుదైనా. అది గింజను నలపదు, తొక్కను గీకదు, చేదు తక్కువ. చీనీని వేగంగా తిరిగే జార్‌లో వేయాల్సివస్తే గింజలు, తెల్లపొర తీసేయండి. మిక్సీలో వేసి వడకట్టేవాళ్ళు రెండు మూడుసార్లు ఆపి ఆపి తిప్పితే చాలు, గింజ పగలకూడదు. క్యారెట్, బీట్‌రూట్, దానిమ్మ, ఆకుకూరలు రోజూ పిండేవాళ్ళకే స్లో జూసర్ ఖరీదు గిట్టుతుంది. వారానికోసారి తాగేవాళ్ళకు గిట్టదు. సపోటా, బొప్పాయి, అరటి లాంటి గుజ్జు పండ్లకు జూసరే వద్దు, మిక్సీ జారే మేలు. ఏది కొన్నా కడగడం ఎంతసేపో అడిగి కొనండి. అటకెక్కిన మిషన్లలో చాలావాటిని ఎక్కించింది ఆ పనే. ఇక చీనీరసం పిండిన వెంటనే తాగేయాలి. ఫ్రిజ్‌లో రేపటికి దాచుకునే రసం కాదది.

పండును తినడమే మేలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతూనే ఉంది. పిండితే పీచు పిప్పిలోకి పోతుంది, చక్కెర గ్లాసులోకి వస్తుంది. డబ్బా రసాల మీద '100 శాతం పండ్ల రసం' అన్న రాత తీసేయమని 2024లో ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది కూడా. ఈ లెక్కన ఇంట్లో పిండుకున్నది డబ్బాకన్నా నయం, తొన ఒలుచుకున్నది అన్నిటికన్నా నయం.

కానీ ఎండ నలభై నాలుగు దాటిన మధ్యాహ్నం కర్నూలులో ఈ హితబోధ ఎవరి చెవికీ ఎక్కదు, ఎక్కనక్కర్లేదు కూడా. తాగండి. కాలిఫోర్నియావాళ్ళు మిగులును పిండి అమ్మారు, మన సీమ రైతు లోటును పిండి మన గ్లాసులో పోస్తున్నాడు. ఆ తేడా తెలిసినవాళ్ళు పిప్పిని ఇంకోసారి పిండుతారు, గ్లాసు అడుగున చుక్క మిగల్చరు.