ఫ్రంట్ స్ట్రీట్‌లో వో హింగ్ హాలు

హవాయిలో మౌయి దీవి పడమటి తీరాన ఉన్న మా లహైనా ఒకప్పుడు హవాయి రాజ్యానికి రాజధాని. 2020 నాటికి జనాభా పన్నెండు వేల పైచిలుకే. సముద్రం పక్కనే సాగే ఫ్రంట్ స్ట్రీట్‌లో 1912 నుంచి ఒక రెండంతస్తుల భవనం ఉండేది. చైనా నుంచి వలస వచ్చినవాళ్లు కట్టుకున్న వో హింగ్ సంఘం హాలు అది. 2023 ఆగస్టు 8న ఊరితో పాటు అదీ కాలిపోయింది. చాలామందికి అది మ్యూజియంగానే తెలుసు. కానీ దాని అసలు కథ చెరకు తోటల్లో మొదలైంది.

కాంట్రాక్టు మీద చైనా కూలీలను తెచ్చిన మొదటి ఓడ 1852లో హవాయి చేరింది. 1860లో లహైనాలో పయొనీర్ మిల్ చెరకు కంపెనీ మొదలైంది. మన కోస్తా జిల్లాల జనం మారిషస్, నటాల్ చెరకు తోటలకు ఓడలెక్కిన రోజులు కూడా దాదాపు అవే. హవాయి తోటల్లో కూలీకి ఒక లోహపు బిళ్ల ఇచ్చేవారు. దాని మీద నంబరు ఉండేది. జీతం లెక్కంతా ఆ నంబరు మీదే. వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఒంటరి మగవాళ్లు. జ్వరమొస్తే గంజి కాచి ఇచ్చే దిక్కు లేదు, కన్నుమూస్తే దగ్గరుండి సాగనంపే బంధువు లేడు.

ఆ లోటు తీర్చుకోవడానికే 1909లో లహైనా చైనీయులు వో హింగ్ సంఘం పెట్టుకున్నారు. అది చీ కుంగ్ టాంగ్ అనే పెద్ద సోదర సంఘానికి శాఖ. చింగ్ చక్రవర్తులను ఎదిరించిన పాత రహస్య సంఘాల పరంపర దానిది. చైనా విప్లవ నాయకుడు సన్ యట్‌సెన్ 1904లో హోనొలులులో ఇందులోనే చేరాడు. ఆయన అన్న సన్ మెయికి మా దీవిలోనే, కులాలో, పశువుల క్షేత్రం ఉండేది. విప్లవం గెలిచి చైనా గణతంత్రమైన 1912లోనే, చందాలతో ఇక్కడి హాలు లేచింది.

పై అంతస్తులో గ్వాన్ గోంగ్ పీఠం. ఇచ్చిన మాట కోసం నిలబడి దేవుడైన సేనాపతి ఆయన. ప్రమాణం చేసి అన్నదమ్ములైనవాళ్లకు అంతకంటే తగిన దైవం లేడు. కింద సమావేశాలు, పండుగలు. వంటశాల మాత్రం పక్కన విడిగా కట్టారు, పొయ్యి నిప్పు హాలుకు అంటుకోకుండా. పెద్ద పెద్ద బాణళ్లలో వండి అందరికీ వడ్డించింది అక్కడే.

1898లో హవాయి అమెరికాలో కలిశాక చైనీయుల రాకను నిషేధించే చట్టం ఇక్కడికీ వర్తించింది. కొత్తవాళ్లు రావడం ఆగిపోయింది. పిల్లలు పనులు వెతుక్కుంటూ హోనొలులు వెళ్లిపోయారు. 1940ల నాటికి సంఘం పలచబడింది, భవనం పాడుబడింది. 1983లో లహైనా రిస్టోరేషన్ ఫౌండేషన్ సంఘంతో ఒప్పందం చేసుకుని దాన్ని బాగుచేయించి మ్యూజియంగా మార్చింది. అప్పటినుంచి వంటశాలలో ఎడిసన్ కంపెనీ 1898లో, 1906లో హవాయిలో తీసిన మూకీ చిత్రాలు వేసేవారు. చైనా కొత్త సంవత్సరానికి హాలు ముందు సింహనృత్యాలు జరిగేవి.

1999లో పయొనీర్ మిల్ మూతపడింది. సాగు లేని చెరకు భూముల్లో గడ్డి పెరిగి ఎండిపోయింది. 2023 ఆగస్టు 8న పెనుగాలికి మంటలు ఆ ఎండుగడ్డి మీదుగా ఊళ్లోకి దిగాయి. 102 మంది ప్రాణాలు పోయాయి. వంటింటి నిప్పుకు భయపడి జాగ్రత్తపడ్డవాళ్ల హాలు, వాళ్లవాళ్లు చెమటోడ్చిన భూముల వైపు నుంచి వచ్చిన మంటకు బలైంది.

ఈ హాలును మళ్లీ కట్టాలి. కట్టేటప్పుడు పీఠంతో పాటు వంటశాలనూ కట్టాలి, దాన్ని ప్రదర్శన గదిగా కాక, వండి వడ్డించే చోటుగా ఉంచాలి. అయినవాళ్లను ఫిలిప్పీన్స్‌లో వదిలి వచ్చి ఇక్కడి హోటళ్లలో పనిచేసేవాళ్లు ఇవాళా ఉన్నారు. ఇల్లు కాలిపోయి ఊరికి దూరంగా అద్దెకుంటున్నవాళ్లూ ఉన్నారు. వో హింగ్ సంఘం పుట్టింది ఇలాంటివాళ్ల కోసమే. వాళ్లను పిలిచి కూర్చోబెట్టి అన్నం పెట్టగలిగిన రోజే ఆ హాలు నిజంగా తిరిగి వచ్చినట్టు.