వెనక నిలబడ్డ సిస్టర్

మా అత్తగారికి చెవుడొచ్చిందని నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా, ఆవిడ పొయ్యి వైపు తిరిగి ఉన్నప్పుడు నేనేం అడిగినా పలకరని! ఎదురుగా కూర్చుంటే మాత్రం లక్షణంగా కబుర్లు చెబుతారు. ఇంకేముంది, నా మీద పంతమనుకున్నాను. నాలుగేళ్ళు అలాగే అనుకున్నాను.

జూబిలీహిల్స్‌లో ఓ ఆసుపత్రికి ఒంటి పరీక్షలకని తీసుకెళ్ళాను. బి.పి., బరువు చూశాక సిస్టర్ ఆవిడ వెనక్కి వెళ్ళి, చేయి చాపినంత దూరంలో నిలబడింది. ఒక చెవి ముందుండే బుడిపెను వేలితో నొక్కి రుద్దుతూ, ఊపిరంతా వదిలేసి, రెండో చెవి కోసం గుసగుసగా "ఏడు, క, రెండు" అంది. ఊపిరి వదిలాక పలికితే గొంతు పెద్దది కాదట. మూడూ తిరిగి చెబితే సరే. తప్పితే ఇంకో మూడు. ఆరింటిలో సగమైనా రావాలి. మా అత్తగారికి ఒక్కటే వచ్చింది.

"ఎదురుగా వచ్చి అడగరాదుటమ్మా?"

"ఎదురుగా ఉంటే నా పెదాలు చదివేస్తారు కదా మామ్మగారూ!" అంది సిస్టర్ నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు.

అక్కడికి ఫిల్మ్‌నగర్ ఎంతో దూరం కాదు. డబ్బింగ్ థియేటర్లలో తెర మీది పెదాలు చూస్తూ, చీకట్లో ఇంకెవరో వాటికి గొంతు అతికిస్తారు. ఇన్నాళ్ళూ మా అత్తగారు చేసిందీ అదే. నా పెదాలు చూసి, మాటలు తనే అతికించుకున్నారు.

పూర్వం డాక్టర్లు జేబుగడియారం చెవి దగ్గర పెట్టి, ఎంత దూరం వరకు టిక్‌టిక్ వినిపిస్తోందో కొలిచేవారు. ఒక్కో గడియారానిది ఒక్కో చప్పుడాయె, లెక్క కుదిరేది కాదు. స్కూల్లో మనం చదువుకున్న శ్రుతిదండాన్ని 1711లో తయారుచేసింది జాన్ షోర్ అనే ఇంగ్లీషు ఆస్థాన బాకా విద్వాంసుడు, వాద్యాలు శ్రుతి చేసుకోవడానికి! దాన్ని మోగించి తల మీద ఆనిస్తే శబ్దం ఎముక గుండా లోపలికి వెళ్తుందనీ, ఒక చెవి మూస్తే అటువైపే గట్టిగా వినిపిస్తుందనీ 1834లో జర్మనీలో వేబర్ రాశాడు. ఎముకనూ, చెవి ముందు గాలినీ పోల్చి చూడటం 1855లో రినే చెప్పాడు.

మా సిస్టర్ కూడా సెకనుకు 512 సార్లు కంపించే దండం తీసి రెండూ చేసింది. నుదుట ఆనిస్తే నడిమధ్య వినిపించిందట. ఎముక మీద కంటే గాలిలోనే ఎక్కువసేపు వినిపించిందట. అంటే అడ్డు గుబిలి కాదు; లోపలి నరం వయసుతోపాటు అలిసింది, రెండు వైపులా సమంగా. వయసులో ముందు పోయేవి సన్నని ధ్వనులు. స, శ, త లాంటివి జారిపోతాయి, అచ్చులు మిగులుతాయి. అందుకే పిలుపు అందుతుంది, మాట అందదు.

మిషను కోసం కొలతలకు మళ్ళీ రమ్మన్నారు.

ఇంటికొచ్చాక పొయ్యి దగ్గరున్న ఆవిడకు ఎదురుగా వెళ్ళి నిలబడి, "కాఫీ నేను కలపనా అత్తయ్యా?" అన్నాను.

"ఇన్నాళ్ళకు అడిగావే!" అన్నారు.