నిషిద్ధ ప్రేమ (తెలుగు నవల, సినిమా)

లోకం ఒప్పని వలపు తెలుగు కావ్యాలకు కొత్త కాదు. గురుపత్ని తార చంద్రుణ్ణి వలచిన కథతో శేషము వేంకటపతి 'తారాశశాంక విజయము' రాశాడు. సవతి కొడుకును కోరిన చిత్రాంగి కథను చేమకూర వేంకటకవి 'సారంగధర చరిత్ర'గా మలిచాడు. అక్కడ అడ్డు వచ్చింది వావి. ఇరవయ్యో శతాబ్దంలో కులమూ మతమూ ముందుకొచ్చాయి.

ఈ మలుపులో ముఖ్యమైన పేరు చలం. 1927 నాటి 'మైదానం'లో ప్లీడరు భార్య, బ్రాహ్మణ స్త్రీ రాజేశ్వరి, అమీర్ అనే ముస్లిం యువకుడితో ఇల్లు విడిచి వెళ్లిపోతుంది. ఆ కథను ఆమే స్నేహితురాలికి చెబుతుంది. ఈ నవల బలమంతా అందులోనే ఉంది. లోకం జారిపోయిందనే మనిషి, ఎవరి క్షమాపణా కోరకుండా, తన సుఖాన్నీ దుఃఖాన్నీ తన నోటితోనే చెప్పుకుంటుంది. గడప దాటడంతో కథ ముగిసిపోదు. వాళ్లు కాపురమున్న మైదానంలో స్వేచ్ఛతోపాటు అమీర్ మొండితనాన్నీ, ఆకలినీ, మూడో మనిషిగా వచ్చిన మీరానూ ఆమె చూడాల్సి వస్తుంది. చలాన్ని బూతు రచయిత అన్నవాళ్లు ఈ సగాన్ని పట్టించుకోలేదు.

చలం కథతోనే గూడవల్లి రామబ్రహ్మం 1938లో 'మాలపిల్ల' సినిమా తీశారు. పూజారి కొడుకు నాగరాజు, దళిత యువతి శంపాలత ప్రేమించుకుంటారు. శంపాలతగా కాంచనమాల నటించింది. హరిజనుల ఆలయ ప్రవేశం కోసం ఉద్యమం సాగుతున్న రోజులవి. సినిమాలో నాగరాజు తండ్రి శాస్త్రి మనసు మారి, పెళ్లికి దారి దొరుకుతుంది.

పెళ్లయితే కులం పోతుందా? రంగనాయకమ్మ 'బలిపీఠం' ఈ ప్రశ్న వేసింది. బ్రాహ్మణ వితంతువు అరుణ దళితుడైన భాస్కర్‌ను పెళ్లాడుతుంది. ఆ తర్వాత పుట్టింటి ఆచారాల మీది మమకారం, లోపల మిగిలిన కులగర్వం కాపురాన్ని తినేస్తాయి. అడ్డు బయట కాదు, ప్రేమించిన మనిషిలోనే ఉందని చూపడం ఈ నవల సాహసం. దీన్ని దాసరి నారాయణరావు 1975లో సినిమాగా తీశారు.

బాలచందర్ 'మరోచరిత్ర' (1978)లో విశాఖపట్నంలోని తమిళ అబ్బాయి, తెలుగు అమ్మాయి ప్రేమకు భాష అడ్డయింది. ముగింపు ఇద్దరి మరణం. తర్వాతి సినిమాల్లో కొన్ని ఇలా చావుతోనే ముగిశాయి. 'మైదానం', 'బలిపీఠం' చేసినట్టు గడప దాటాక ఏమవుతుందో అవి చూడలేదు. 2020, 2021 సంవత్సరాలకు ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందిన 'కలర్ ఫోటో', 'ఉప్పెన' రెండూ పెద్దలు ఒప్పని ప్రేమకథలే.