ఇంటి చదువు - సర్కారు సర్టిఫికెట్టు

మన సంఘ సభ్యుల్లో మెట్రిక్కో, ఇంటరో, బి.ఏ.నో ప్రైవేటుగా కట్టి పాసైనవారు తక్కువేమీ కాదు. పగలంతా ఆఫీసులో పనిచేసి, రాత్రుళ్లు చదువుకొని సంపాదించిన ఆ కాగితమే ఎందరినో అటెండరు కుర్చీ నుండి గుమాస్తా కుర్చీకి, అక్కడి నుండి ఇంకా పైకి తెచ్చింది. ఇప్పుడు మనుమలు, మనుమరాళ్ల విషయంలో అదే ప్రశ్న మరో రూపంలో మన ముందుకు వస్తోంది. పిల్లవాణ్ణి బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తే ఆ చదువు చెల్లుతుందా? ఈ సంగతి కొందరు మిత్రులు నన్ను అడిగారు. దీనికి జవాబు చాలావరకు మన చదువుల చరిత్రలోనే ఉన్నది.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు అది పాఠాలు చెప్పే సంస్థ కాదు. లండను విశ్వవిద్యాలయం పద్ధతిలో పరీక్షలు పెట్టి పట్టాలు ఇవ్వడమే దాని పని. చదువు చెప్పేవారు వేరు, చదువుకు ముద్ర వేసేవారు వేరు అన్న ఏర్పాటు మనకు అప్పటినుండీ ఉన్నది. పాఠం ఎవరు చెప్పినా ఆ ముద్ర లేనిదే కొలువు దొరకదు. అందుచేత పరీక్ష గదిలోకి ఎవరిని రానిస్తారన్నదే అసలు ప్రశ్న అయింది.

ఆ గది తలుపు మన ఆడపడుచులకు తెరుచుకున్న విధం తెలుసుకోదగ్గది. 1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి గారు చిన్నతనంలోనే ఇంగ్లీషు మీడియం వద్దని బడి మానేశారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. ఆ తరువాత ఇంటివద్ద చదువుకొని, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా కూర్చుని పాసయ్యారు. ఆపైన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ. ఆనర్సు, మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తిచేసి రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. తాను నడిచిన దారినే ఇతరులకూ చూపాలని, 1937లో మద్రాసులో స్థాపించిన ఆంధ్ర మహిళా సభ ద్వారా తెలుగు స్త్రీలను అదే బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారుచేశారు. చిన్నతనంలో పెళ్లై చదువు ఆగిపోయినవారికీ, భర్తను పోగొట్టుకున్నవారికీ మళ్లీ మొదటి తరగతి నుండి బడికి వెళ్లే వయసు ఉండదు కదా! బడిలో గడిపిన సంవత్సరాలు లెక్కించకుండా, వచ్చిన చదువును మాత్రమే పరీక్షించే విశ్వవిద్యాలయం ఒకటి ఉండబట్టి వారికి దారి దొరికింది.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడి, దుర్గాబాయి గారు దానికి అధ్యక్షురాలయ్యారు. 1958లో ఆ బోర్డు వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులు ప్రారంభించింది. మద్రాసులో ఒక సంఘం చేసిన పని ఆ విధంగా దేశమంతటికీ ప్రభుత్వ పథకమైంది. టీచర్లుగా, నర్సులుగా, గ్రామసేవికలుగా స్త్రీలు ఉద్యోగాల్లోకి రావడానికి అది తోడ్పడింది.

తరువాతి మెట్టు మనలో చాలామందికి అనుభవమే. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో ఇటువంటి విశ్వవిద్యాలయం ఇదే మొదటిది. 1991లో దానికి డా. బి.ఆర్. అంబేద్కర్ గారి పేరు పెట్టారు. ఇంటరు లేకపోయినా అర్హత పరీక్ష పాసైతే డిగ్రీలో చేరనిచ్చారు. స్కూలు చదువుల్లోనూ ఇదే జరిగింది. 1979లో సి.బి.ఎస్.ఇ. ప్రయోగంగా మొదలుపెట్టిన ఓపెన్ స్కూలు 1989లో జాతీయ ఓపెన్ స్కూలుగా స్వతంత్ర సంస్థ అయింది. తానే పరీక్షలు పెట్టి సర్టిఫికెట్లు ఇచ్చే అధికారాన్ని 1990లో కేంద్ర ప్రభుత్వం దానికి ఇచ్చింది. మన రాష్ట్రంలో ఓపెన్ స్కూలు సొసైటీ 1991లో వచ్చింది.

2010 ఏప్రిల్ 1 నుండి విద్యాహక్కు చట్టం అమలులోకి రావడంతో కొత్త సందేహం పుట్టింది. 6 నుండి 14 ఏళ్ల పిల్లలను బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని ఆ చట్టం చెబుతోంది. కాని చేర్పించని తల్లిదండ్రులకు శిక్ష ఏదీ అందులో లేదు. గుర్తింపు లేకుండా బడి నడిపేవారికి మాత్రం లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నది. ఇంటి చదువు గురించి చట్టం విడిగా ఒక్క మాటా చెప్పలేదు. అందుచేత ఇంట్లో చదివించే కుటుంబాలు నిషేధమూ లేక, స్పష్టమైన అనుమతీ లేక మధ్యస్థంగా ఉండిపోయాయి. ఆ పిల్లలకు చివరకు దిక్కు ఓపెన్ స్కూలు పరీక్షే.

సర్టిఫికెట్టు ఉన్నంత మాత్రాన అన్నిచోట్లా చెల్లుతుందనుకోవడమూ పొరపాటే. అసలు డిగ్రీ లేకుండా సార్వత్రిక విశ్వవిద్యాలయంలో నేరుగా చేసిన ఎం.ఏ. ఉద్యోగ నియామకానికి పనికిరాదని 2009లో అన్నామలై విశ్వవిద్యాలయం కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. దానితో అటువంటి పట్టాలపై ప్రమోషన్లు ఆశించినవారికి పెద్ద దెబ్బే తగిలింది. 2018 జనవరిలో ఓపెన్ స్కూలు విద్యార్థులూ, ప్రైవేటుగా కట్టినవారూ వైద్యవిద్య ప్రవేశ పరీక్ష నీట్‌కు అర్హులు కారని నిబంధన తెచ్చారు. అదే ఏడాది మే నెలలో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టివేసింది. వివాదం సుప్రీంకోర్టులో 2024లో ముగిసి, గుర్తింపు పొందిన ఓపెన్ స్కూళ్ల వారికి మార్గం సుగమమైంది. ఆరేళ్లపాటు ఆ పిల్లలూ, వారి తల్లిదండ్రులూ ఎంత ఆందోళన పడి ఉంటారో ఊహించవచ్చు.

ఇన్నేళ్ల చరిత్రలో నాకు కనిపించేది ఒక్కటే. మన దేశంలో చట్టం చదువుకున్న చోటుకు విలువ కట్టలేదు. పరీక్ష పెట్టినవారికి ఆ అధికారం ఉన్నదా లేదా అన్నదే చూసింది. తల్లి చెప్పినా, తాత చెప్పినా చదువు చదువే. ఇంట్లో రాసి ఇచ్చిన సర్టిఫికెట్టు మాత్రం ఏ ఆఫీసులోనూ చెల్లదు. కనుక మనుమలకు ఇంట్లో పాఠాలు చెప్పాలనుకునే మిత్రులు నిరభ్యంతరంగా చెప్పవచ్చు. అయితే పరీక్ష ఫీజు కట్టేముందు ఆ బోర్డుకు ఏ ప్రభుత్వ ఉత్తర్వు ద్వారా అధికారం వచ్చిందో, పై చదువుకూ ఉద్యోగానికీ దాన్ని సమానంగా ఒప్పుకుంటున్నారో లేదో కాగితం మీద చూసుకోవాలి. సర్వీసంతా జీవోలు చదివిన మనకు ఇది కొత్త పని కాదు. ఆ అలవాటు ఇప్పుడు మన ఇంటి పిల్లలకు అక్కరకు రావాలి.