కల్లు పాక – దాని యజమానులు



ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. కోటల గురించి, గుళ్ల గురించి వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను కల్లు పాకను ఎంచుకున్నాను. నవ్వకండి. నేను త్రాగి ఎరుగను గాని, గుమస్తాగా ఆ లెక్కలు వ్రాసిన చేతులివి.

గజపతినగరం చుట్టుపక్కల తాళ్లకు, ఈతలకు కొదవ లేదు. చలికాలంలో ఈత కల్లు, మాఘం దాటాక తాటి కల్లు. ఊరి చివర నాలుగు గుంజల మీద తాటాకు కప్పు, లోపల కుండలు, త్రాగడానికి తాటాకు దొప్పలు. ఇదే పాక. యాత, శ్రీశయన, సెగిడి కులాలవారు పొద్దుటా సాయంత్రం చెట్టెక్కి, గెల కొసలు పలుచగా చెక్కి కుండ కట్టేవారు. కుండలో సున్నం రాస్తే పులియక నీరా అవుతుంది. రాయకపోతే కల్లు.

మరి పాకకు యజమాని ఎవరు? మనవి విజయనగరం సంస్థానపు ఊళ్లు కనుక పూసపాటివారే అనుకుంటాం. కాదు. 1802 పర్మనెంటు సెటిల్మెంటులో భూమిని జమీందారులకు వదిలిన కంపెనీవారు, ఉప్పు మీద, అబ్కారీ మీద హక్కు తమకే ఉంచుకున్నారు. భూమి రాజుగారిది, కల్లు మీద రాబడి దొరలది! తరువాత 1886 మద్రాసు అబ్కారీ చట్టం ఆ పద్ధతిని గట్టిపరిచింది. చెట్టుకు పన్ను, దుకాణానికి వేలంపాట. ఎవరు పాట పాడుకుంటే వారే ఆ గడువుకు పాక యజమాని.

1921లో సహాయ నిరాకరణం రోజులలో కల్లు దుకాణాల ముందు పికెటింగులు జరిగాయి. 1937 అక్టోబరు 1న రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టింది. 1948 అక్టోబరు 2 నాటికి అది మద్రాసు రాష్ట్రమంతటా వచ్చింది. మన పాకలూ మూతపడ్డాయి. గీత వృత్తివారికి తాటిబెల్లం సంఘాలు పెట్టారు గాని, బెల్లం వండితే పొట్ట ఎంతవరకు నిండుతుంది? చాటున సారా కాగుతూనే ఉండేది. ఈ నిషేధం గొడవ మీదనే 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. చివరకు 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం వచ్చింది. పాకలు మళ్లీ లేచాయి, పాటలు మళ్లీ మొదలయ్యాయి.

ఆ తరువాతి కొన్నేళ్లకు నేను ఉద్యోగంలో చేరాను. కార్యాలయం పేరు ఇక్కడ అనవసరం. ఒకనాడు ఒక గీతకార్మికుని భార్య, చంకలో పిల్లతో వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"నా పెనిమిటి సెట్టు మీంచి పడి పోనాడు బాబూ. ఏదైనా సాయం ఇప్పించండి."

రిజిస్టరు తీశాను. పాటదారు పేరు ఉంది, పాట మొత్తం ఉంది, కిస్తీలు ఉన్నాయి, చెట్ల నెంబర్లు సైతం ఉన్నాయి. చెట్టెక్కినవాని పేరు లేదు. "దాఖలా లేదమ్మా" అన్నాను.

"సెట్టుకి నంబరేసినారు, మడిసికి ఎయ్యనేదా బాబూ?" అంది.

నా వద్ద జవాబు లేదు. అర్జీ మీద "దాఖలాలు లేనందున" అని వ్రాసి పైకి పంపాను. అది అలాగే తిరిగి వచ్చింది. కనీసం "విచారించదగినది" అని ఒక్క ముక్క వ్రాయవచ్చును. వ్రాయలేదు. పదవీ విరమణ చేసి ఇన్నేళ్లయినా ఆ మాట చెవిలో ఉంది.

తరువాతి సంగతులు మీరూ చూసినవే. 1983లో వారుణి వాహిని పేరిట సారాకు సర్కారే సరఫరాదారయింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మగారు, తోటి స్త్రీలు తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధం, 1995 జనవరిలో రామారావుగారి సంపూర్ణ నిషేధం, 1997లో దాని సడలింపు. 2019 అక్టోబరులో దుకాణాలను ప్రభుత్వ సంస్థే చేపట్టింది. 2024 అక్టోబరులో లాటరీ తీసి మళ్లీ ప్రైవేటువారికి ఇచ్చారు. యజమాని మారని దశాబ్దం లేదు. ఎవరు యజమాని అయినా, ఇంటి దగ్గర ఖాళీ చేతులతో ఎదురుచూసినది మాత్రం ఆడవారే.

ఈ మధ్యలో ఒక మంచి జరిగింది. లైసెన్సు గల గీతకార్మికులకు ప్రమాద పరిహారం వచ్చింది. మనిషి పేరు కాగితం మీదికి ఎక్కింది. 2025లో మద్యం దుకాణాలలో పదో వంతు గీత కులాలకు కేటాయించారు. అంటే యజమాని గడిలోనూ వారి పేరు చేరింది. అయితే ఆ దుకాణంలో అమ్మేది సీసాలే. చెట్టెక్కి దింపిన కల్లు కాదు.

మిత్రులారా, మనం వ్రాసిన రిజిస్టర్లలో ఎవరి పేర్లు లేవో మనకే తెలుసు. అవి తెలిసినవారు ఈ పత్రికకైనా వ్రాసి పంపండి. ఆనాడు నేను వ్రాయని ముక్క ఇది. ఆలస్యంగానైనా వ్రాశాను.

సెలవు.