డ్రైవరు సీటు, గుమాస్తా బల్ల

షుగరు మాట రాగానే మన చూపు ముందు అన్నం గిన్నె మీదికే పోతుంది. తిండికి ఇందులో పెద్ద పాత్రే ఉంది. కానీ మనుషులు చేసే పని మారినందువల్ల ఒంట్లో వచ్చిన మార్పునంతా తిండి ఖాతాలోనే రాసేస్తే సగం చరిత్ర మరుగున పడుతుంది. కూర్చునే పనికి విడిగా ఒక లెక్క ఉందని గట్టిగా చూపిన తొలి సాక్ష్యాల్లో ఒకటి, షుగరు కాక గుండె జబ్బుల విషయంలో, లండన్ బస్సుల నుంచి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో భారతదేశంలో సైనిక వైద్యుడిగా పనిచేసి వెళ్లిన జెర్రీ మోరిస్, 1949 నుంచి ఆ నగర రవాణా సిబ్బంది గుండె జబ్బులను లెక్కగట్టాడు. రెండంతస్తుల బస్సులో డ్రైవరు డ్యూటీ అంతా దాదాపు కూర్చునే ఉండేవాడు. కండక్టరు టికెట్లు కొడుతూ రోజుకు అయిదారు వందల మెట్లు ఎక్కేవాడు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే ఊరు, ఇంచుమించు ఒకే తరగతి బతుకు. 1953లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితాల్లో డ్రైవర్లకే గుండె జబ్బులు ఎక్కువ.

ట్రాఫిక్‌లో బండి నడిపే ఒత్తిడి వల్లే ఇలా జరిగిందనవచ్చు. అందుకు మోరిస్ బృందం తపాలా శాఖను కూడా చూసింది. నడిచి ఉత్తరాలు పంచే పోస్ట్‌మెన్ కంటే బల్ల ముందు కూర్చునే గుమాస్తాలకు, టెలిఫోన్ ఆపరేటర్లకు జబ్బు ఎక్కువని తేలింది. వాళ్లెవరూ స్టీరింగు పట్టినవాళ్లు కారు. ఇంతకంటే పదునైన ప్రశ్న మరొకటి ఉంది: లావుగా ఉన్నవాళ్లే డ్రైవరు ఉద్యోగం ఎంచుకున్నారేమో? 1956లో ఆ బృందమే యూనిఫారాల రికార్డులు తీసి ప్యాంట్ల నడుము కొలతలు పోల్చింది. డ్రైవర్ల నడుములే పెద్దవి, అదీ చిన్న వయసు నుంచే. అంటే ఆ అనుమానంలో కొంత నిజముంది. అయితే తర్వాత సన్నవాళ్లను సన్నవాళ్లతో, లావువాళ్లను లావువాళ్లతో పోల్చినా కండక్టర్లే మెరుగ్గా కనిపించారు. ఒళ్లు ఒక కారణం, కదలిక దానికి తోడు మరో కారణం.

అదే 1956లో హుగ్లీ ఒడ్డున, హౌరా జిల్లా చెంగెయిల్ జనపనార మిల్లు నుంచి ఇంకో సాక్ష్యం వచ్చింది. ఉత్తరాంధ్ర కూలీలు తరాలుగా వలస వెళ్లినది ఈ హుగ్లీ తీరపు మిల్లులకే. హార్వర్డ్ శాస్త్రవేత్త జీన్ మేయర్, భారతీయ సహచరులతో కలిసి అక్కడి 213 మంది తిండిని, బరువును, పనిని పక్కపక్కన పెట్టి చూశాడు. బరువులు మోసేవాళ్లు, బొగ్గు పనివాళ్లు, కమ్మరులు ఎక్కువ తినేవారు, అయినా బరువు పెరగలేదు. పని తేలికైనకొద్దీ తిండి కూడా తగ్గింది. అలా తగ్గుతూ వచ్చిన తిండి, కూర్చునే గుమాస్తాలు, దుకాణదారుల దగ్గరికి వచ్చేసరికి తిరిగి పెరిగింది, దాంతోపాటు బరువూ పెరిగింది. కష్టం ఒక హద్దు దాటి తగ్గితే ఆకలి ఒంటి అవసరాన్ని గుర్తించడం మానేస్తుందని మేయర్ వాదన. కూర్చునేవాళ్ల చేతిలో డబ్బు ఎక్కువ, అందుకే తిన్నారన్న అభ్యంతరం బలమైనదే. ఒక్క మిల్లును చూసి తీర్పు చెప్పలేం. కానీ అంతకు రెండేళ్ల ముందు ఎలుకల మీద చేసిన ప్రయోగంలోనూ, రోజూ కాసేపు పరుగెత్తించిన వాటికంటే కదలనివ్వని ఎలుకలే ఎక్కువ తిని బరువెక్కాయి. అక్కడ డబ్బు ప్రసక్తి లేదు.

కదలకపోవడం ఒంటికి ఎలా చేటు చేస్తుందన్నది తర్వాత కొంతవరకు తేలింది. కండరం ముడుచుకున్నప్పుడు ఇన్సులిన్ పిలుపు లేకుండానే రక్తంలోని చక్కెరను లోపలికి తీసుకుంటుంది. గంటల తరబడి కదలని కాలి కండరాల్లో, రక్తంలోని కొవ్వును విడగొట్టే ఎంజైము పని మందగిస్తుందని జంతు ప్రయోగాలు చూపాయి. 2012లో ఆస్ట్రేలియాలో అధిక బరువున్నవాళ్లను ప్రతి 20 నిమిషాలకు రెండు నిమిషాలు నడిపిస్తే, భోజనం తర్వాత పెరిగే చక్కెర తగ్గింది. చెన్నైలో 2006లో వెలువడిన పరిశోధనలో, షుగరు అంచున ఉన్నవాళ్లు తిండి, నడక మార్చుకున్నాక మూడేళ్లలో 39 శాతం మందికే జబ్బు వచ్చింది. మార్చుకోనివాళ్లలో అది 55 శాతం. ఇందులో తిండి వాటా ఎంత, నడక వాటా ఎంత అన్నది ఈ అంకెలు విడదీసి చెప్పవు.

ఇదంతా కూలి కష్టాన్ని ఆరోగ్య సాధనంగా పొగడటమని ఎవరైనా అంటే, ఆ కోపం న్యాయమైనదే. జనపనార ధూళి మధ్య బస్తాలు మోసిన బతుకు ఎవరూ కోరుకునేది కాదు. కానీ యంత్రాలు ఆ భారం దించినప్పుడు, దానితోపాటు పోయిన కదలికను పనివేళల్లో తిరిగి ఎలా కల్పించాలన్నది ఏ యజమాని జమాఖర్చులోనూ చేరలేదు. సాయంత్రం నడిస్తే సరిపోదా అంటే, 2016లో పది లక్షల మందికి పైగా వివరాలు కలిపి చూసిన విశ్లేషణలో, రోజుకు ఎనిమిది గంటలకు మించి కూర్చునేవాళ్లకు ఆ కారణంగా ముందుగా చనిపోయే అదనపు ముప్పు తొలగాలంటే గంట నుంచి గంటంబావు చురుకైన కదలిక కావాలని తేలింది. షిఫ్టు దిగి, ఊరు దాటి ఇల్లు చేరే డ్రైవరుకు ఆ గంట దొరకాలంటే అది డ్యూటీ చార్టులోనే ఉండాలి.