కాలువ గట్టు మీద ఒక బుధవారం

అమ్మ లెక్కల పుస్తకంలో 2016 నవంబరు 9వ తేదీ కింద పదకొండు పంక్తులున్నాయి. సిమెంటు, డీజిలు, టీలు, మేస్త్రి కూలి... అన్నిటికన్నా కింద 'బాకీ' అని రాసి ఆరు పేర్లు. ఆరూ ఆడవాళ్ల పేర్లే.

సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని కాబట్టి పాత కాగితం కనిపిస్తే చదవకుండా ఉండలేను. 'మనకు తెలియని మన చరిత్ర' (1986) చదివి, ఆడవాళ్ల మాటల్లోంచి కూడా చరిత్ర రాయొచ్చని నేర్చుకున్నాను. అందులో మాట్లాడినవాళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు. మా అమ్మ రాసింది ఇంటి ఖర్చు. అయినా పెద్ద నోట్ల రద్దు గురించి నేను చదివిన వ్యాసాల్లో దొరకని సంగతి ఒకటి ఈ పేజీలో దొరికింది.

మా ఊరు కోనసీమలో. బొబ్బర్లంక దగ్గర గోదావరిని విడిచి, లొల్ల లాకుల దగ్గర చీలే కాలువల్లో ఒకటి మా పెరటి వెనకాల పారుతుంది. మూడడుగులు తవ్వితే ఊట. అందుకే ముందు మెరక తోలించి, మట్టి కుంగేదాకా ఏడాది ఆగి, అప్పుడు పునాది తీశారు. నవంబరు 9 శ్లాబు రోజు. ముందురోజు రాత్రి ఎనిమిదింటికి ప్రధాని టీవీలో కనిపించి, అర్ధరాత్రి నుంచి 500, 1000 నోట్లు చెల్లవన్నారు. దేశంలో చలామణిలో ఉన్న డబ్బు విలువలో దాదాపు 86 శాతం ఆ నోట్లే. మా ఇంట్లో ఉన్నదీ అవే.

శ్లాబు ఆపడానికి వీల్లేకపోయింది. కూలీలకు, మిల్లరుకు వారం ముందే చెప్పాం. తెల్లవారుజామున కార్తీక స్నానానికి రేవులోకి దిగిన అమ్మలక్కలు తడి బట్టలతోనే వచ్చి అడగడం మొదలుపెట్టారు, "నిజమేనంటావా?" అని. పదింటికల్లా డీజిలు అయిపోయింది. బంకులో పాత నోటు తీసుకుంటారు కానీ చిల్లర ఇవ్వరు. ఐదు వందలకూ కొట్టించుకోవాల్సిందే. కాలువ అవతల టీ దుకాణమాయన మాత్రం నోటు ముట్టుకోనన్నాడు. ఆ రోజు బ్యాంకులు లేవు, ఏటీఎంలు లేవు. టీవీలో ఒక పక్క ట్రంప్ గెలుపు, ఒక పక్క నోట్లు. నాన్న, మేస్త్రి రెండిటి మీదా చర్చించుకున్నారు. ఆరుగురు ఆడవాళ్లు మాత్రం గమేలాలు చేతులు మార్చుకుంటూ కాంక్రీటు పైకి అందిస్తూనే ఉన్నారు. మధ్యలో ఆగితే అతుకు పడుతుంది, అతుకు దగ్గర నీళ్లు కారతాయి. నా పని వాళ్లకి మంచినీళ్లివ్వడం. అప్పట్లో నా థీసిస్ చివరి అధ్యాయం స్త్రీల శ్రమ గురించి!

మధ్యాహ్నం అమ్మ బియ్యం డ్రమ్ములో చెయ్యిపెట్టి ప్లాస్టిక్ సంచి తీసింది. అందులో ఇరవై మూడు ఐదు వందల నోట్లు. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. ఆ మౌనం అమ్మకి ఇప్పటికీ గుర్తే.

సాయంత్రం కూలి ఇచ్చేటప్పుడు అసలు చిక్కు వచ్చింది. మగ కూలికి ఐదు వందలు. తలా ఒక నోటు తీసుకుని, తరవాత మార్చుకుంటామని వెళ్లారు. ఆడకూలి మూడు వందలు. దానికి వంద నోట్లు కావాలి, అవి ఊళ్లో ఎవరి దగ్గరా లేవు. ఇద్దరికి కలిపి ఒక నోటిస్తానంది అమ్మ. వాళ్లలో పెద్దావిడ నవ్వింది. "అది మార్చుకోడానికి లైన్లో నించుంటే ఇంకో రోజు కూలి పోద్దండి అమ్మగారూ. రాసి ఉంచండి, తరవాతిద్దురు."

అదీ ఆ పేజీలో ఉన్న సంగతి. వాళ్ల కూలీ ఐదు వందలే అయివుంటే, చెల్లనిదైనా ఒక నోటు ఎవరిది వాళ్ల చేతికి వచ్చేది. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది. ఆ లెక్కన బాకీ పన్నెండు వందలు ఎక్కువ. అమ్మ పుస్తకంలో అది లేదు. నేనూ ఆ రోజు అడగలేదు.

తరవాతి కథ మీకు తెలిసిందే. నోట్ల మార్పిడి పరిమితి మొదట నాలుగు వేలు, తరవాత నాలుగున్నర, ఆపైన రెండు వేలు. నవంబరు 24తో అదీ ఆగిపోయింది. రద్దయిన నోట్లలో 99.3 శాతం తిరిగి వచ్చేశాయని 2018లో రిజర్వు బ్యాంకే చెప్పింది. 2023 జనవరి 2న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం 4-1తో రద్దును సమర్థించింది. కాదన్న ఆ ఒక్కరు, ఆ ధర్మాసనంలో ఉన్న ఏకైక మహిళ, జస్టిస్ బి.వి. నాగరత్న. ఇంత పెద్ద నిర్ణయం గెజిట్ ప్రకటనతో కాదు, చట్టం ద్వారా జరగాల్సిందని ఆమె రాశారు.

అమ్మ పుస్తకంలో అయిదు పేర్ల మీద గీతలున్నాయి, పక్కన తేదీలు: నవంబరు 19 నుంచి డిసెంబరు 4 దాకా. ఆరో పేరు మీద గీత లేదు. అది ఆ పెద్దావిడ పేరు. అడిగితే, "ఆవిడ మళ్లీ రాలేదే. కూతురి దగ్గరికి వెళ్లిపోయిందట" అంది అమ్మ. శ్లాబు మాత్రం ఇన్ని వానాకాలాల్లో ఒక్కచోట కూడా కారలేదు. ఈసారి వెళ్లినప్పుడు ఆ కూతురిది ఏ ఊరో కనుక్కోవాలి.